ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్

ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్ అనునది ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ 3 నుండి 12 సంవత్సరాల వయసు గల పిల్లల కొరకు రూపొందించిన ప్రాథమిక విద్యా ప్రణాళిక. సంక్షిప్తంగా దీనిని పి.వై.పి. అని, సంస్థను ఐ.బి. అని వ్యవహరిస్తారు. తెలుగులో దీనిని ప్రాథమిక విద్యా కార్యక్రమం అనవచ్చును గాని పాఠశాలలలోను, తల్లిదండ్రుల మాటలలోను పి.వై.పి. అన్న పేరే వాడుకలో ఉన్నది. 1997లో మొదలైన ఈ కార్యక్రమం 2020ల నాటికి ప్రపంచవ్యాప్తంగా రెండు వేలకు పైగా పాఠశాలలకు విస్తరించింది.

హైదరాబాదు, బెంగుళూరు, ముంబై వంటి నగరాలలో "ఇంటర్నేషనల్ స్కూలు" అని పేరు పెట్టుకున్న బడులన్నీ ఈ ప్రణాళికను పాటించేవి కావు. ఆ పేరుతో ఉండి సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమాన్నే బోధించే బడులు అనేకం కలవు. బోర్డు మీది పేరును బట్టి కాక, ఐ.బి. సంస్థ గుర్తింపు ఉన్నదా లేదా అన్న విషయాన్ని బట్టి మాత్రమే ఒక బడి పి.వై.పి. బడి అవుతుంది.

ఈ ప్రణాళికలో సంస్థ నిర్ణయించిన పాఠ్యపుస్తకాలు లేవు, పబ్లిక్ పరీక్ష లేదు, చివరన ఐ.బి. ఇచ్చే సర్టిఫికేటు కూడా లేదు. ఒకటవ తరగతి వాచకం, రెండవ తరగతి ఎక్కాలు అంటూ వరుసగా పెరిగిన వారికి ఇది వింతగా తోచడం సహజం. పుస్తకం లేకుండా ఏమి చెబుతారు, పరీక్ష లేకుండా పిల్లవాడికి వచ్చినదీ రానిదీ ఎలా తెలుస్తుంది అన్నవే ఈ విధానం గురించి ఎక్కువగా వినవచ్చే ప్రశ్నలు.

చరిత్ర

అంతర్జాతీయ పాఠశాల అన్న భావన మొదటి ప్రపంచ యుద్ధానంతర కాలానికి చెందినది. నానాజాతి సమితి కార్యాలయాలు జెనీవాలో ఏర్పడినపుడు అక్కడికి వివిధ దేశాల నుండి ఉద్యోగులు కుటుంబాలతో వచ్చారు. వారి పిల్లల కొరకు 1924లో జెనీవా అంతర్జాతీయ పాఠశాల స్థాపించబడింది. ఏ దేశపు పాఠ్యక్రమం చెప్పాలి, ఎవరి చరిత్రను చరిత్రగా బోధించాలి అన్న చిక్కు ఆ బడికి మొదటి నుండీ ఉన్నది. ఆ పాఠశాలకు సారథ్యం వహించిన మరీ తెరేజ్ మోరెట్ 1948లో యునెస్కో కొరకు, శాంతిని పెంపొందించే బోధనా పద్ధతులు ఉన్నవా అన్న ప్రశ్న మీద ఒక చిన్న పుస్తకం రచించింది. అంతర్జాతీయ విద్య గురించి వ్రాసేవారు తరచుగా ఈ రచన నుండే తమ చరిత్రను మొదలుపెడతారు.

1968లో జెనీవా కేంద్రంగా ఐ.బి. సంస్థ ఏర్పడింది. దాని తొలి డైరెక్టర్ జనరల్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్ పీటర్సన్. అప్పటి అవసరం చాలా పరిమితమైనది. దేశాలు మారే దౌత్యవేత్తలు, ఉద్యోగుల పిల్లలు పాఠశాల చదువు ముగించి ఏ దేశంలోనైనా విశ్వవిద్యాలయంలో చేరుటకు పనికివచ్చే పరీక్ష ఒకటి కావలసి వచ్చింది. అందుచేత ముందుగా పుట్టినది 16 నుండి 19 ఏళ్ళ వారి డిప్లొమా ప్రోగ్రామ్. 1994లో 11 నుండి 16 ఏళ్ళ వారి మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్, ఆ తరువాత మూడేళ్ళకు పి.వై.పి., 2012లో వృత్తి సంబంధమైన నాలుగవ కార్యక్రమం చేరాయి. అనగా ఈ భవనం పైఅంతస్తు నుండి క్రిందికి కట్టబడింది.

పి.వై.పి. మాత్రం సంస్థ కార్యాలయంలో పుట్టలేదు. 1990లో కొన్ని అంతర్జాతీయ పాఠశాలల ఉపాధ్యాయులు తమ ప్రాథమిక తరగతులకు ఉమ్మడి ప్రణాళిక ఒకటి ఉండాలని ఇంటర్నేషనల్ స్కూల్స్ కరికులమ్ ప్రాజెక్టు అనే పేరుతో పని ప్రారంభించారు. వియన్నా అంతర్జాతీయ పాఠశాలకు చెందిన కెవిన్ బార్ట్‌లెట్ ఇందులో ముఖ్యుడు. వీరు తయారు చేసిన ప్రణాళికను 1997లో ఐ.బి. స్వీకరించి పి.వై.పి.గా ప్రకటించింది. "మేకింగ్ ది పి.వై.పి. హ్యాపెన్" అన్న మార్గదర్శక గ్రంథం చాలా కాలం ఉపాధ్యాయులకు ఆధారంగా ఉండినది. 2018లో కార్యక్రమం సవరించబడి, కొన్ని అంశాలు తొలగి, విద్యార్థి స్వతంత్రతకు ఎక్కువ ప్రాధాన్యం వచ్చింది.

ఆలోచనల మూలాలు

అనుభవం ద్వారా నేర్చుకొనుట గురించి జాన్ డ్యూయీ, తోటివారితో కలిసి నేర్చుకొనుట గురించి లెవ్ వైగోట్‌స్కీ, అన్వేషణ ద్వారా నేర్చుకొనుట గురించి జెరోమ్ బ్రూనర్ చెప్పిన విషయాలు పి.వై.పి.కి పునాదులు. వీటికి తోడు అమెరికా విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ ప్రభావం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఏ సమాజంలో పుట్టినా మనుషులందరికీ కొన్ని ఉమ్మడి అనుభవాలు ఉంటాయని, ప్రాథమిక విద్య సబ్జెక్టుల చుట్టూ కాక ఆ అనుభవాల చుట్టూ అల్లబడాలని ఆయన వాదించాడు. జనన మరణాలు, భాష, కళ, కాలం, సమూహంలో జీవించుట, ప్రకృతితో సంబంధం మొదలైనవి ఆయన దృష్టిలో అటువంటి అనుభవాలు. పి.వై.పి.లోని ఆరు ఇతివృత్తాలలో ఈ వాసన స్పష్టంగా కనిపిస్తుంది.

ఆరు ఇతివృత్తాలు

ఈ ప్రణాళికకు వెన్నెముక వంటివి ఆరు ఇతివృత్తాలు. "మనం ఎవరం" అన్నది శరీరం, ఆరోగ్యం, కుటుంబం, నమ్మకాలు, విలువలకు సంబంధించినది. "స్థల కాలాలలో మనం ఎక్కడున్నాం" అన్న దానిలో ఇంటి చరిత్ర నుండి వలసలు, నాగరికతల దాకా వస్తాయి. "మనల్ని మనం ఎలా వ్యక్తం చేసుకుంటాం" అన్నది భాషకు, కళలకు చోటు. "ప్రపంచం ఎలా పనిచేస్తుంది" అన్నది ప్రధానంగా విజ్ఞానశాస్త్రం. "మనల్ని మనం ఎలా వ్యవస్థీకరించుకుంటాం" అన్న దానిలో సంత, బ్యాంకు, ప్రభుత్వం, రవాణా వంటి మానవ నిర్మిత వ్యవస్థలు చేరతాయి. చివరిది "భూమిని పంచుకొనుట". ఇందులో వనరులు, ఇతర జీవులు, హక్కులు, తగాదాలు, వాటి పరిష్కారం వస్తాయి.

ప్రతి తరగతిలోను ఏడాదికి ఈ ఆరింటి మీద ఆరు యూనిట్లు జరగాలి. మరీ చిన్నపిల్లలకు, అనగా 3 నుండి 5 ఏళ్ళ వారికి, నాలుగు సరిపోతాయి. ఆ నాలుగింటిలో "మనం ఎవరం", "మనల్ని మనం ఎలా వ్యక్తం చేసుకుంటాం" అన్నవి తప్పక ఉండాలి. ఒక్కొక్క యూనిట్ కొన్ని వారాల పాటు సాగుతుంది. తరగతులు నిలువుగా, ఇతివృత్తాలు అడ్డంగా వేసి బడి అంతటికీ కలిపి తయారుచేసే పెద్ద పట్టికను ప్రోగ్రామ్ ఆఫ్ ఎంక్వైరీ అంటారు. చాలా బడులలో ఇది గోడకు అంటించి ఉంటుంది. ఒకటవ తరగతిలో చెప్పినదే నాలుగవ తరగతిలో మళ్ళీ వస్తున్నదా, పదేళ్ళ లోపు పిల్లవాడు ఒక్కసారైనా విద్యుత్తు గురించి చదవకుండానే బయటపడుతున్నాడా అన్నవి ఈ పట్టికను చూస్తే తెలియాలి.

పట్టికలోని గడులను నింపవలసినది ఐ.బి. కాదు, బడి. అందుచేతనే జెనీవాలోని నాలుగవ తరగతి, హైదరాబాదులోని నాలుగవ తరగతి ఒకే ఇతివృత్తం క్రింద పూర్తిగా వేరు వేరు విషయాలు చదవవచ్చును. పి.వై.పి. అన్నది సిలబస్ కాదు, సిలబస్ తయారు చేసుకొనుటకు ఒక చట్రం మాత్రమే. ఈ తేడాను గ్రహించకపోతే ఈ విధానంలో తక్కిన ఏ విషయమూ అర్థం కాదు.

ఒక యూనిట్ నడిచే విధానం

ఉదాహరణకు హైదరాబాదులోని ఒక బడిలో నాలుగవ తరగతికి "భూమిని పంచుకొనుట" క్రింద నీటి గురించిన యూనిట్ ఉన్నదనుకుందాం. ముందుగా ఉపాధ్యాయులు కూర్చుని ఒక కేంద్ర భావాన్ని ఒకే వాక్యంలో వ్రాసుకుంటారు. "నీటిని పంచుకొనే తీరు మనుషుల జీవితాలను మారుస్తుంది" అన్నది అటువంటి వాక్యం. ఇది ఏ ఊరికైనా, ఏ కాలానికైనా వర్తించాలి. హైదరాబాదు పేరు గాని, ఒక చెరువు పేరు గాని ఇందులో ఉండకూడదు. దాని క్రింద మూడు నాలుగు అన్వేషణ మార్గాలు ఉంటాయి. నీరు ఎక్కడి నుండి వస్తుంది, ఇంటికి ఎలా చేరుతుంది, అందరికీ ఒకే విధంగా అందుతున్నదా అన్నవి ఇక్కడ సరిపోతాయి.

పాఠం నిర్వచనంతో మొదలు కాదు. ఒక ఉదయం తరగతిలోని కుళాయి కట్టివేసి, ఇరవై అయిదు మందికి ఒకే బక్కెట్టు నీళ్ళు పెట్టి, సాయంత్రం దాకా వీటితోనే సరిపెట్టుకోవాలని చెప్పవచ్చును. పిల్లలలో తగవులు, ఏర్పాట్లు, ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఆ ప్రశ్నలను కాగితాల మీద వ్రాసి గోడకు అంటిస్తారు. ఇక్కడి నుండి ఉపాధ్యాయుని నేర్పు మొదలవుతుంది. "ట్యాంకరు నీళ్ళకు డబ్బులెందుకు ఇవ్వాలి" అన్న ప్రశ్న విలువైనదని, "బక్కెట్టు నీలం రంగులో ఎందుకున్నది" అన్నది ప్రస్తుతానికి పక్కన పెట్టవలసినదని గుర్తించవలసినది ఆయనే.

తరువాతి వారాలలో నగరపు నీటి కథ పాఠమవుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద, ఆ తరువాత నగర రక్షణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాలు, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్, నగరం పెరిగిన కొద్దీ మంజీరా, కృష్ణా, గోదావరి నీటిని దూరం నుండి తెచ్చుకొనవలసి రావడం ఇందులో భాగాలు. గణితంలో పిల్లలు తమ ఇంటి నీటి వాడకాన్ని లీటర్లలో కొలిచి పట్టీ గ్రాఫులు గీస్తారు. భాషలో వాచ్‌మన్‌ను, నాయనమ్మను ఇంటర్వ్యూ చేయుటకు ప్రశ్నలు తయారుచేస్తారు. విజ్ఞానశాస్త్రంలో ఇసుక, బొగ్గు, గులకరాళ్ళతో వడపోత చేసి చూస్తారు. ఒకే విషయం చుట్టూ ఇన్ని సబ్జెక్టులు కలిసిరావడాన్ని ఐ.బి. పరిభాషలో ట్రాన్స్‌డిసిప్లినరీ అంటారు.

చివరన పిల్లలు నేర్చిన దానితో ఏదైనా చేయాలి. ఇంటి కప్పు మీది వాననీటిని ఇంకుడు గుంతకు మళ్ళించమని అపార్ట్‌మెంటు సంఘానికి లేఖ వ్రాయడం అటువంటి పని. దీనిని చర్య అంటారు. బలహీనమైన బడులలో ఈ దశ "నీటిని పొదుపు చేయండి" అన్న రంగుల పోస్టరు వద్ద ఆగిపోతుంది. పోస్టరు వేసిన పిల్లవాడికి తన ఇంటికి నీరు ఏ నది నుండి వస్తున్నదో తెలియకపోతే ఆ యూనిట్ జరగనట్లే లెక్క.

భావనలు

వాస్తవాలు మరచిపోయినా మిగిలి ఉండేవి భావనలు అన్నది పి.వై.పి. నమ్మకం. ఇందుకొరకు ఏడు ముఖ్య భావనలను ప్రశ్నల రూపంలో వాడతారు. పై ఉదాహరణలోని ఉస్మాన్ సాగర్‌నే తీసుకుంటే, అది ఎలా ఉన్నది అన్నది రూపం. ఎలా పనిచేస్తుంది అన్నది ప్రకార్యం. ఎందుకు కట్టవలసి వచ్చింది అన్నది కారణత. వందేళ్ళలో ఎలా మారింది అన్నది మార్పు. నగరంతోను, పైన కురిసే వానతోను దానికి గల లంకె సంబంధం. చేపలు పట్టేవారు, నగరవాసులు, అక్కడ స్థలాలు కొన్నవారు దానిని వేర్వేరుగా చూడటం దృక్కోణం. దానిని కాపాడవలసినది ఎవరు అన్నది బాధ్యత. పూర్వం ఎనిమిదవదిగా ఉండిన పునరాలోచన 2018 సవరణలో ఈ జాబితా నుండి తొలగించబడింది.

ఈ ఏడింటిలో దృక్కోణం అన్నది మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపించేది. "చెరువు వలన ఉపయోగములు వ్రాయుము" అన్న ప్రశ్నకు, "ఈ చెరువు వలన ఎవరికి లాభం, ఎవరికి నష్టం" అన్న ప్రశ్నకు గల దూరమే ఈ రెండు విధానాల మధ్య దూరం.

భావనలతో పాటు ఆలోచన, పరిశోధన, సంభాషణ, సాంఘిక, స్వీయ నిర్వహణ నైపుణ్యాలు అని అయిదు రకాల నైపుణ్యాలను ప్రతి యూనిట్‌లోను చేరుస్తారు. విద్యార్థి ఎటువంటి మనిషి కావాలో చెప్పే పది లక్షణాల జాబితా కూడా ఉన్నది. జిజ్ఞాస, జ్ఞానం, ఆలోచన, సంభాషణ, నీతి, విశాల దృష్టి, దయ, సాహసం, సమతుల్యత, ఆత్మపరిశీలన అన్నవి ఆ పది. మొదట పి.వై.పి.కి మాత్రమే చెందిన ఈ జాబితా 2006లో ఐ.బి. కార్యక్రమాలన్నింటికీ ఉమ్మడిగా స్వీకరించబడింది. కింది మెట్టు నుండి పైమెట్టుకు ఎక్కిన అంశాలలో ఇది ముఖ్యమైనది.

సబ్జెక్టులు

సబ్జెక్టులు ఆరు: భాష, గణితం, సాంఘికశాస్త్రం, విజ్ఞానశాస్త్రం, కళలు, వ్యక్తిగత సాంఘిక శారీరక విద్య. గణితంలో సంఖ్యలు, ఆకృతులు, కొలతలు, దత్తాంశాలు, క్రమాలు అన్న అయిదు విభాగాలు ఉన్నవి. గుణకారం, భాగహారం వంటివన్నీ యూనిట్‌లో ఇమడవు. అటువంటి వాటిని విడిగా చెప్పుకొనుటకు అభ్యంతరం లేదు. నిజానికి మంచి బడులలో గణితానికి, చదవడం వ్రాయడం నేర్పడానికి ప్రతిరోజూ ప్రత్యేక సమయం ఉంటుంది. ఎక్కాలు పనికిరావని పి.వై.పి. ఎక్కడా చెప్పలేదు. అర్థం తెలియకుండా వల్లె వేయించవద్దని మాత్రమే చెబుతుంది. ఏ వయసుకు ఏమి రావాలో సూచించే పత్రాలను ఐ.బి. ప్రచురించింది గాని, వాటికి బదులు ఆ దేశపు లేదా రాష్ట్రపు ప్రమాణాలను పాటించే స్వేచ్ఛ బడికి ఉన్నది.

భాష, మాతృభాష

పి.వై.పి. బడిలో కనీసం ఏడేళ్ళ వయసు నుండి పిల్లలందరికీ ఒకటి కంటే ఎక్కువ భాషలు నేర్పాలి. ప్రతి బడికీ వ్రాతపూర్వకమైన భాషా విధానం ఉండాలి, పిల్లల మాతృభాషను నిలుపుటకు ఏమి చేస్తున్నదో అందులో చెప్పాలి. బోధనా భాష ఇంగ్లీషే కానవసరం లేదు. ఈ కార్యక్రమాన్ని ఏ భాషలోనైనా నడపవచ్చును, ఐ.బి.తో ఉత్తర ప్రత్యుత్తరాలు మాత్రం ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్‌లలో ఒకదానిలో జరగాలి. ఆ లెక్కన తెలుగు మాధ్యమంలో పి.వై.పి. బడి ఉండుటకు నియమాలలో అడ్డు లేదు.

ఆచరణలో తెలుగు ప్రాంతాలలోని ఈ బడులు ఇంగ్లీషు మాధ్యమంలోనే నడుస్తున్నవి. తెలుగు వారానికి కొన్ని పీరియడ్ల సబ్జెక్టుగా, చాలా చోట్ల హిందీ లేదా ఫ్రెంచితో పోటీపడే సబ్జెక్టుగా మిగులుతుంది. అన్వేషణ మాత్రం ఇంగ్లీషులో జరుగుతుంది. ప్రశ్నించడం ఒక భాషలోను, పద్యాలు అప్పజెప్పడం మరొక భాషలోను జరిగితే పిల్లవాడి దృష్టిలో ఏ భాష ఆలోచనకు, ఏ భాష అలంకారానికి అన్నది తేలిపోతుంది. నీటి యూనిట్‌లో నాయనమ్మతో జరిపిన ఇంటర్వ్యూను తెలుగులోనే వ్రాయించి, తెలుగు ఉపాధ్యాయుని కూడా యూనిట్ ప్రణాళికలో కూర్చోబెట్టిన చోట ఈ లోపం కొంత తగ్గుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2018లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలో ఒకటి నుండి పదవ తరగతి వరకు అన్ని రకాల బడులలోను తెలుగు బోధన తప్పనిసరి. ఐ.బి. బడులు కూడా ఇందులోకి వస్తాయి. 2018-19లో ఒకటవ, ఆరవ తరగతులతో మొదలుపెట్టి ఏడాదికేడాది దీనిని పై తరగతులకు పొడిగించారు. తెలుగు మాతృభాష కాని వారిని దృష్టిలో ఉంచుకొని, సి.బి.ఎస్.ఇ., ఐ.సి.ఎస్.ఇ., ఐ.బి. మొదలైన బడుల తొమ్మిదవ తరగతికి 2025-26 నుండి, పదవ తరగతికి 2026-27 నుండి "వెన్నెల" అన్న సరళ తెలుగు వాచకాన్ని వాడాలని 2025లో ఉత్తర్వు వెలువడింది.

మూల్యాంకనం

పి.వై.పి.లో ఐ.బి. నిర్వహించే పరీక్ష ఏదీ లేదు. మూల్యాంకనమంతా తరగతి ఉపాధ్యాయుల చేతిలోనే ఉంటుంది. యూనిట్ మొదట్లో పిల్లవాడికి ఏమి తెలుసో చూడటం, మధ్యలో గమనిస్తూ సూచనలు ఇవ్వడం, చివరలో ఒక పని చేయించి చూడటం దీని పద్ధతి. పిల్లల పనులను తేదీలతో సహా పోర్ట్‌ఫోలియోలో భద్రపరుస్తారు. తల్లిదండ్రుల సమావేశాలలో కొన్నింటిని పిల్లలే నడుపుతారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు తల్లిని తండ్రిని కూర్చోబెట్టి తన ఫైలు తిప్పుతూ, ఇది నాకు వచ్చింది, ఇది ఇంకా రాలేదు అని చెప్పవలసి ఉంటుంది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేసే అలవాటు ఉన్న తల్లిదండ్రులకు మొదటిసారి ఇది ఇబ్బందిగానే ఉంటుంది.

కార్యక్రమపు చివరి సంవత్సరంలో, మన లెక్కన సుమారు అయిదవ తరగతిలో, ఎగ్జిబిషన్ ఉంటుంది. పిల్లలు జట్లుగా ఒక నిజమైన సమస్యను ఎన్నుకొని వారాల తరబడి పరిశోధించి, బడి అందరి ముందు ప్రదర్శించి, అడిగిన వాటికి సమాధానాలు చెబుతారు. ఒక్కొక్క జట్టుకు ఒక పెద్దవారు మార్గదర్శకులుగా ఉంటారు. మార్గదర్శకుల, తల్లిదండ్రుల చేయి ఎంతవరకు పడింది అన్నది ఎగ్జిబిషన్ చూడటానికి వెళ్ళినవారు అడగవలసిన ప్రశ్న. నున్నగా అచ్చయిన బోర్డుల కంటె, పిల్లవాడు తడబడుతూ చెప్పే సమాధానంలోనే అతడు నేర్చినది బయటపడుతుంది.

పాఠశాలల గుర్తింపు

పిల్లలను కాకపోయినా బడిని మాత్రం ఐ.బి. పరీక్షిస్తుంది. దరఖాస్తు చేసుకున్న బడి ముందు అభ్యర్థి దశలో ఉండి, ఉపాధ్యాయులకు ఐ.బి. శిక్షణ ఇప్పించి, ప్రణాళిక తయారుచేసుకొని, ఆ తరువాత తనిఖీకి నిలబడాలి. గుర్తింపు వచ్చాక ప్రతి అయిదేళ్ళకు పునఃపరిశీలన జరుగుతుంది. బడిలో పి.వై.పి. సమన్వయకర్త ఒకరు ఉండాలి. ఒకే తరగతి ఉపాధ్యాయులందరూ కలిసి ప్రణాళిక వేసుకొనుటకు టైమ్‌టేబుల్‌లోనే సమయం కేటాయించాలి. ఈ చివరి షరతు చిన్నదిగా కనిపించినా అమలులో చాలా ఖరీదైనది.

ఇతర అంతర్జాతీయ ప్రాథమిక ప్రణాళికలు

అంతర్జాతీయ బడులలో పి.వై.పి.కి ప్రధాన పోటీ కేంబ్రిడ్జి ప్రైమరీ. ఇది 5 నుండి 11 ఏళ్ళ వారికి. సబ్జెక్టుల వారీగా ఏ ఏడాది ఏమి రావాలో స్పష్టంగా వ్రాసి ఉంటుంది, చివరన చెక్‌పాయింట్ అన్న పరీక్ష కూడా ఉన్నది. ఇంగ్లాండుకు చెందిన ఫీల్డ్‌వర్క్ ఎడ్యుకేషన్ సంస్థ 2000లో ప్రారంభించిన ఇంటర్నేషనల్ ప్రైమరీ కరికులమ్ మరొకటి. ఇది ఇతివృత్తాల పద్ధతిలోనిదే అయినా యూనిట్లు ముందుగా తయారై వస్తాయి. కొన్ని బడులు కింది తరగతులలో పి.వై.పి., పై తరగతులలో కేంబ్రిడ్జి విధానం పాటిస్తాయి.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాలలో

భారతదేశంలో మొదటి ఐ.బి. పాఠశాల తమిళనాడులోని కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలు. 1976లో అక్కడ డిప్లొమా ప్రారంభమైనది. పి.వై.పి. విస్తరణ 2000ల తరువాతి విషయం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పరిశ్రమ పెరిగి, విదేశాల నుండి తిరిగివచ్చిన కుటుంబాలు గచ్చిబౌలి, చుట్టుపక్కల ప్రాంతాలలో స్థిరపడిన కాలంలోనే ఈ బడులు కూడా అక్కడ వెలిశాయి. వీటి ఫీజులు ఏడాదికి లక్షల రూపాయలలో ఉండటం వలన ఇవి సంపన్న వర్గాలకే పరిమితమయ్యాయి.

ఈ పరిమితిని దాటే ప్రయత్నం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. ప్రభుత్వ బడులలో ఐ.బి. విధానాన్ని ప్రవేశపెట్టుటకు 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నది. 2025 జూన్‌లో ఒకటవ తరగతితో ప్రారంభించి ఏడాదికొక తరగతి చొప్పున పెంచుకుంటూ పోవాలన్నది ఆలోచన. 2024 ఎన్నికల తరువాత ఏర్పడిన కొత్త ప్రభుత్వం దీనిని కొనసాగించలేదు. అందువలన ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు చూసుకొనే బడిలో ఉమ్మడి ప్రణాళికా సమయం ఎలా దొరుకుతుంది అన్న ప్రశ్నకు ఆచరణలో జవాబు రాలేదు.

పిల్లవాడిని కేంద్రంగా చేసుకున్న ప్రాథమిక విద్య తెలుగు నేలకు పి.వై.పి.తో కొత్తగా వచ్చినది కాదు. 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై 1996 వరకు బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను ఉపాధ్యాయులకు నేర్పింది. ఉపాధ్యాయుడే కృత్యాలు తయారుచేయుట, చేస్తూ కనుగొంటూ ప్రయోగాలతో నేర్చుకొనుట, ఒంటరిగాను జట్లుగాను తరగతి మొత్తంగాను పనిచేయుట, పిల్లల మధ్య తేడాలను గుర్తించుట, పరిసరాలను వాడుకొనుట, పిల్లల పనులను గోడలపై ప్రదర్శించుట అన్నవి ఆ సూత్రాలు. ఈ జాబితాను నేటి పి.వై.పి. శిక్షణ తరగతిలో చదివితే ఎవరికీ అనుమానం రాదు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కొరకు తెలుగులోనే అభ్యసన కార్డులు, మెట్ల పద్ధతి తయారుచేశారు. ఆ విద్యా విధానానికి ప్రేరణ రిషివ్యాలీలో పనిచేసి, 1972లో కర్ణాటకలో నీల్‌బాగ్ పాఠశాల స్థాపించిన డేవిడ్ హార్స్‌బర్గ్. తరువాత తమిళనాడు ప్రభుత్వ బడులలో అమలైన కృత్యాధార బోధనకు ఈ కార్డులు మూలం.

విమర్శలు

పి.వై.పి. మీద వచ్చే విమర్శలలో మొదటిది జ్ఞానక్రమానికి సంబంధించినది. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అన్న పరిశోధకులు, కొత్తగా నేర్చుకొనే వారికి తక్కువ మార్గదర్శకత్వంతో బోధించుట ఫలించదని ప్రకటించిన వ్యాసం విద్యారంగంలో విస్తృతమైన చర్చకు దారితీసింది. అన్వేషణ విధానపు సమర్థకులు, తమ పద్ధతిలో మార్గదర్శకత్వం తక్కువేమీ కాదని దానికి సమాధానం చెప్పారు. వాదన ఎవరిదైనా, ఇంటి వద్ద పుస్తకాలు, చదువుకున్న పెద్దలు ఉన్న పిల్లవాడు తరగతిలో మిగిలిన ఖాళీలను ఇంటి వద్ద పూరించుకోగలడని, ఆ వసతి లేని పిల్లవాడు పూరించుకోలేడని అన్నది కొట్టివేయరాని మాట.

రెండవది పరిభాష. కేంద్ర భావం, అన్వేషణ మార్గాలు, లక్షణాలు, నైపుణ్యాలు అన్న మాటల బరువులో పడి ఉపాధ్యాయులు పిల్లలతో కంటె ప్రణాళికా పత్రాలతో ఎక్కువ కాలం గడుపుతారన్న ఫిర్యాదు ఉన్నది. 2018 సవరణ ఈ భారాన్ని కొంత తగ్గించింది. మూడవది, విలువలన్నీ పాశ్చాత్య ఉదారవాదపు మూసలో ఉన్నవన్నది. ప్రశ్నించే పిల్లవాడిని పెద్దలకు ఎదురు చెప్పేవాడిగా చూసే ఇళ్ళలో ఇది కేవలం సిద్ధాంత విషయం కాదు.

తల్లిదండ్రులకు ఎదురయ్యే చిక్కు మరింత లౌకికమైనది. బదిలీ వలన గాని, ఫీజు భారం వలన గాని పిల్లవాడిని మూడవ తరగతిలో సి.బి.ఎస్.ఇ. లేదా రాష్ట్ర పాఠ్యక్రమపు బడికి మార్చవలసి వచ్చినపుడు, అక్కడ ప్రవేశ పరీక్షలో అడిగేది దృక్కోణం కాదు, భాగహారమూ హిందీ వర్ణమాలా. గట్టి గణిత, భాషా బోధన ఉన్న బడి నుండి వచ్చిన పిల్లవాడు ఈ మార్పును తట్టుకుంటాడు. అది బడి మీద ఆధారపడి ఉంటుంది గనుక, బడిలో చేర్చేముందే ప్రోగ్రామ్ ఆఫ్ ఎంక్వైరీ పట్టికతో పాటు ఆ తరగతి గణిత, భాషా లక్ష్యాల పత్రాన్ని, ఒక పిల్లవాడి ఏడాది నోటు పుస్తకాన్ని చూపించమని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది. గుర్తింపు పొందిన బడిలో ఇవన్నీ వ్రాతపూర్వకంగా సిద్ధంగా ఉండాలి.